లెక్కల మాస్టారు దాదాభాయి నౌరోజీ

పిల్లలూ, మన ఖటోదరా నుంచి ఉధ్నా మీదుగా దక్షిణానికి పోయే రోడ్డు నవ్‌సారీ రోడ్డు. పాండేసరా, సచిన్ దాటి సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే నవ్‌సారీ వస్తుంది. దాండీ చూడడానికి వెళ్ళినవాళ్ళు ఆ ఊరి మీదుగానే వెళ్ళి ఉంటారు. దాండీ అనగానే గాంధీగారు గుర్తుకొస్తారు. నవ్‌సారీ అనగానే గుర్తు రావలసిన పెద్దాయన మరొకరున్నారు. ఆయనే దాదాభాయి నౌరోజీ.

పాఠ్యపుస్తకంలో ఆయన గురించి రెండు మూడు వాక్యాలుంటాయి. కాంగ్రెస్ అధ్యక్షులు, బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు, సంపద తరలింపు సిద్ధాంతం చెప్పినవారు. పరీక్షకు అవి చాలు. అయితే ఈ ఏడాది ఎనిమిదో తరగతి పాప ఒకతె సోషల్ పీరియడ్ అయిపోయాక మా తెలుగు పీరియడ్‌కు వచ్చి ఒక సందేహం అడిగింది. తెల్లదొరలు ఇక్కడికి వచ్చి, కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, జీతం తీసుకుని వెళ్ళిపోయేవారని పాఠంలో ఉంది. వాళ్ళ నాన్నగారూ మూడేళ్ళకోసారి ఊరు మారతారు. పక్కింటి పిల్లలు ఆటలో గొడవైనప్పుడల్లా, నువ్వెలాగూ వచ్చే ఏడాది వెళ్ళిపోయేదానివే కదా అంటున్నారట. అంటే మేము కూడా ఆ దొరల్లాంటివాళ్ళమేనా అని ఆ పాప సందేహం.

మాకు వెంటనే జవాబు తోచలేదు. పెట్టెలు సర్దుకోవడం, కొత్త ఊళ్ళో పాలవాణ్ణి, గ్యాస్ ఏజెన్సీని వెతుక్కోవడం మాకూ అలవాటే. జవాబు కోసమే నౌరోజీగారి జీవితం మళ్ళీ చదివాం. చదివినది మీకు చెప్పాలనిపించింది.

దాదాభాయి 1825 సెప్టెంబరు 4న పుట్టారు. నవ్‌సారీలో పుట్టారని కొందరూ, బొంబాయిలో అని కొందరూ రాశారు. కుటుంబం మాత్రం నవ్‌సారీ పార్శీ పురోహితుల కుటుంబం. పార్శీలు వెయ్యేళ్ళకు పైగా కిందట ఇరాన్ నుంచి ఓడల్లో వచ్చి గుజరాత్ తీరంలో సంజాన్ దగ్గర దిగినవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆయనకు నాలుగేళ్ళప్పుడే తండ్రి పోయారు. తల్లి మాణెక్‌బాయికి చదువు రాదు. మేనమామ సాయంతో ఆమే కొడుకుని పెంచి చదివించారు. బొంబాయిలో నేటివ్ ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో అప్పట్లో జీతం కట్టనక్కర్లేదు. అది ఉచితం కాకపోయి ఉంటే ఆయన చదువు అక్కడితో ఆగేదే. పెద్దయ్యాక ఆయన ఈ సంగతి ఎన్నోసార్లు తలుచుకున్నారు. తన చదువుకు డబ్బు పెట్టినది బీదవాళ్ళనీ, తానూ ఆ బీదవాళ్ళలో ఒకడేననీ, ఆ బాకీ తీర్చాలనీ ఆయన అనుకునేవారు. ఇంత చిన్న వయసులో బాకీ లెక్క మనసులో పడ్డ మనిషి తర్వాత దేశాల మధ్య బాకీల లెక్క తీయడంలో మాకు ఆశ్చర్యం కనబడలేదు.

లెక్కల్లో దిట్ట. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, అక్కడే 1850లో సహాయ ఆచార్యులయ్యారు. కొద్ది సంవత్సరాల్లోనే గణితానికీ ప్రకృతి శాస్త్రానికీ ప్రొఫెసర్ అయ్యారు. ఆ కళాశాలలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు ముందే, 1849లో, ఆయనా స్నేహితులూ కలిసి బొంబాయిలో ఆడపిల్లల బడులు మొదలుపెట్టారు. పొద్దున్నే తమ ఉద్యోగాలకు వెళ్ళేముందు జీతం లేకుండా తామే పాఠాలు చెప్పేవారు. పిల్లల్ని పంపమని ఇంటింటికీ తిరిగితే తలుపులు మూసినవాళ్ళూ ఉన్నారు. చదువురాని మాణెక్‌బాయి మాత్రం కొడుకు పక్షమే నిలబడ్డారు.

1855లో ఆయన ప్రొఫెసర్ ఉద్యోగం వదిలి లండన్ వెళ్ళారు. కామా కుటుంబం అక్కడ మొదటి భారతీయ వ్యాపార సంస్థను తెరిచింది, అందులో భాగస్వామిగా. నల్లమందు, మద్యం వ్యాపారాల లాభం తనకు అక్కర్లేదని కొన్నాళ్ళకే బయటికొచ్చి, 1859లో సొంతంగా పత్తి వ్యాపారం పెట్టారు. యూనివర్సిటీ కాలేజీలో గుజరాతీ ఆచార్యులుగా కూడా ఉన్నారు.

పత్తి అన్నాం కాబట్టి మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయింది. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. అప్పుడు మన దేశపు పత్తి పోయింది. దాని పోగు పొట్టిది, ఆకులూ గింజలూ కలిసి ఉండేది, మరమగ్గాల మీద దారం మాటిమాటికీ తెగేది. నేసినంతకే కూలి గనక నేతగాళ్ళకు చేతికొచ్చేది తగ్గిపోయింది. ఆ పత్తికి వాళ్ళు పెట్టిన పేరు సూరత్. కొన్నాళ్ళు అక్కడ నాసిరకం వస్తువు దేన్నైనా సూరత్ అనడం వాడుకైంది! ఇప్పుడు మన బడి చుట్టుపక్కల వీధుల్లో బట్టల లారీలు చూస్తే ఆ లాంకషైర్ నేతగాళ్ళు ఏమనుకుంటారో. యుద్ధం ముగియగానే పత్తి ధర పడిపోయింది. 1865లో బొంబాయిలో పెద్ద పెద్ద వ్యాపారాలు కుప్పకూలాయి. ఆ దెబ్బ దాదాభాయి కంపెనీకి కూడా తగిలింది.

వ్యాపారం పోయింది గానీ లెక్కలు పోలేదు. 1866లో లండన్‌లో ఈస్టిండియా అసోసియేషన్ స్థాపించారు. మరుసటి ఏడాది మే నెలలో ఆ సభలో ఒక వ్యాసం చదివారు. భారతదేశంలో పన్నులుగా వసూలైన డబ్బులో సుమారు నాలుగో వంతు దేశం దాటి ఇంగ్లండు పోతోందనీ, బదులుగా ఏమీ రావడం లేదనీ అందులో చూపించారు.

ఎలా పోతోంది? రాజమండ్రిలో ఒక కలెక్టరు దొర ఉన్నాడనుకోండి. ఆయన జీతం గోదావరి రైతు కట్టిన శిస్తులోంచి వస్తుంది. మిగిల్చినది ఊరికి పంపుకుంటాడు. పాతికేళ్ళ తర్వాత ఓడెక్కి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికితే అన్నేళ్ళు పింఛను, అదీ ఇక్కడి శిస్తులోంచే, ఖర్చు మాత్రం అక్కడి అంగళ్ళలో. లండన్‌లో ఇండియా ఆఫీసు అనే కార్యాలయం ఉండేది. దాని గుమాస్తాల జీతాలు కూడా మన లెక్కలోనే. 1867లో టర్కీ సుల్తాను లండన్ వస్తే ఆ ఆఫీసులో ఆయన గౌరవార్థం పెద్ద విందు, నృత్యం ఏర్పాటు చేశారు. ఆ ఖర్చు కూడా భారతదేశం ఖాతాలోనే రాశారు.

డబ్బుతో పాటు మరొకటి కూడా పోతోందని దాదాభాయి చెప్పారు. మాకు అన్నిటికంటే పట్టుకున్న మాట అదే. పాతికేళ్ళలో ఆ దొర నేర్చుకున్నదంతా, అంటే ఏ కాలువకు ఎప్పుడు గండి పడుతుందో, ఏ ఊళ్ళో ఏ తగాదా ఎందుకు వచ్చిందో, ఆ తెలివంతా ఆయనతో ఓడెక్కుతుంది. ఇక్కడి మనిషి ఆ కుర్చీలో ఉంటే విశ్రాంతి తీసుకున్నాక కూడా ఆ అనుభవం నలుగురికీ పనికొచ్చేది. పాత రాజుల్లో దుర్మార్గులు లేరని ఆయన అనలేదు. కానీ వాళ్ళు దోచినది ఇక్కడే ఖర్చయ్యేది, మళ్ళీ ఏదో దారిలో ఇక్కడి చేతుల్లోకే వచ్చేది.

పాప ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది. మీ నాన్నగారి జీతం ఈ వీధి కిరాణా కొట్టులో, రిక్షాలో, కూరగాయల బండి దగ్గర ఖర్చవుతోంది. రేపు బదిలీ అయితే ఇక్కడ నేర్చుకున్నది ఇదే దేశంలో మరో ఊరికి వెళ్తుంది. బయటివాళ్ళు రాకూడదని దాదాభాయి ఎక్కడా అనలేదు. ఎలా అంటారు? ఆయన పూర్వీకులే ఓడల్లో వచ్చినవారు. ఆయన స్వయంగా జీవితంలో చాలా భాగం లండన్‌లో గడిపారు. ఇక్కడ లింబాయత్, ఉధ్నా వైపు మన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కూలిలో కొంత తెలంగాణలోని ముసలి తల్లిదండ్రులకు పంపుతారు. అది తరలింపు కాదు, కష్టార్జితం. వాళ్ళు ఎవరినీ ఏలడం లేదు. పైగా సూరత్ నగరపాలక సంస్థ వాళ్ళ పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఎవరు వచ్చారన్నది కాదు, పన్ను కట్టినవాడికి ఆ డబ్బు మీద మాట చెప్పే హక్కు ఉందా లేదా అన్నది దాదాభాయి అడిగిన ప్రశ్న.

మిగిలిన సగానికి, అంటే పక్కింటి పిల్లలు అన్నదానికి, ఆయన లెక్కల్లో జవాబు లేదు. అది మీరూ మేమూ ఊరూరా వెతుక్కోవలసిందే.

ఇక ఆయన వేసిన అసలు లెక్క. మనిషికి ఏడాదికి ఎంత ఆదాయం? అప్పటివరకు ఎవరూ ఈ దేశానికి ఆ లెక్క కట్టలేదు. ప్రభుత్వమే అచ్చువేసిన నివేదికలు తెచ్చుకుని, ఏ రాష్ట్రంలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారు, ఎకరానికి ఎంత పండింది, ధర ఎంత అని కూర్చుని కట్టారు. అక్కడ అధికారులు చేసిన తప్పొకటి ఆయనకు దొరికింది. సగటు తీయడం వాళ్ళకు సరిగా రాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్తాం. ఒక సెక్షన్‌లో 10 మంది, సగటు 90 మార్కులు. ఇంకో సెక్షన్‌లో 40 మంది, సగటు 50. రెండూ కూడి రెండుతో భాగిస్తే 70 వస్తుంది. నిజంగా 50 మంది మార్కులూ కూడి 50తో భాగించి చూడండి, 58 మాత్రమే. అధికారులు జిల్లాల ధరలనూ పంటలనూ మొదటి పద్ధతిలో సగటు తీసి, దేశం సుభిక్షంగా ఉందనుకున్నారు. లెక్కల మాస్టారు ఊరుకుంటారా?

ఆయనకు వచ్చిన జవాబు దేశం మొత్తానికి మనిషికి ఏడాదికి 20 రూపాయలు. అది తక్కువో ఎక్కువో తెలియాలంటే పక్కన ఇంకో అంకె కావాలి కదా. అందుకు ఆయన జైళ్ళ నివేదికలు తీశారు. ఖైదీ తిండికీ బట్టకీ ప్రభుత్వం ఏడాదికి ఎంత పెడుతోందో చూశారు. బొంబాయి రాజధానిలో మనిషి ఆదాయం 22 రూపాయలు, ఖైదీ ఖర్చు 47. మన కోస్తా, రాయలసీమ జిల్లాలున్న మద్రాసు రాజధానిలో ఆదాయం 18 రూపాయలు, ఖైదీ ఖర్చు 53! నేరం చేసినవాడికి బతకడానికి ఇంత కావాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఏ నేరమూ చేయని రైతుకు అందులో సగం కూడా లేదు. ఆ లెక్కలో ఒక్క అంకె కూడా ఆయన సొంతంగా సృష్టించలేదు, అన్నీ సర్కారు అంకెలే. ఆయన లెక్కలో కొన్ని ఆదాయాలు జారిపోయాయని తర్వాతివాళ్ళు అన్నారు, అది నిజమే. 1882లో అధికారులు తామే లెక్క కడితే 27 రూపాయలు వచ్చింది. అది కూడా ఖైదీ ఖర్చుకు చాలా దూరమే.

1873లో పార్లమెంటు సంఘం ముందు ఈ అంకెలు పెడితే పట్టించుకోలేదు. 1876లో బొంబాయిలో భారతదేశపు పేదరికం మీద పూర్తి వ్యాసం చదివారు. సరిగ్గా ఆ ఏడాదే మద్రాసు రాజధానిలో వానలు ముఖం చాటేశాయి. మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేది దాన్నే. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం లక్షల్లో పోయారు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు, అంటే అర కిలో కంటే తక్కువ. పైన ఒక అణా. మద్రాసు పారిశుద్ధ్య అధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని గట్టిగా ఎదురు చెప్పాడు. దొరల్లో అలాంటివాళ్ళూ ఉన్నారు. పంట పోతే ఆదుకోవడానికి రైతు గాదెలో ఏమీ ఎందుకు మిగలలేదో చెప్పేది దాదాభాయి లెక్క.

మధ్యలో 1874లో ఆయన బరోడా సంస్థానానికి దివాను అయ్యారు. నవ్‌సారీ అప్పుడు ఆ సంస్థానంలోదే. రాజుగారితోనూ, ఇంగ్లీషు రెసిడెంటుతోనూ పొసగక ఏడాదికే రాజీనామా చేశారు. అది పెద్దగా చెప్పుకోవలసిన కథ కాదు.

చెప్పుకోవలసింది పార్లమెంటు కథ. మన మాట వినవలసినవాళ్ళు లండన్‌లో ఉన్నప్పుడు మనమే అక్కడ కూర్చుంటే పోలేదా అనుకున్నారాయన. 1886లో హోల్‌బర్న్ నుంచి పోటీ చేసి ఓడిపోయారు. 1888లో ప్రధానమంత్రి లార్డ్ సాలిస్‌బరీ ఒక సభలో ఆ ఎన్నికను గుర్తుచేస్తూ, ఇంగ్లీషు ఓటర్లు నల్లమనిషిని ఎన్నుకునే రోజు ఇంకా రాలేదన్నట్టు మాట్లాడాడు. ఆ అవమానమే ఒక రకంగా మేలు చేసింది. అప్పటిదాకా దాదాభాయి పేరే వినని ఇంగ్లీషువాళ్ళకు కూడా ఆయనెవరో తెలిసింది, ఎంతోమంది ప్రధాని తీరును తప్పుపట్టారు. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ అనే లండన్ నియోజకవర్గం నుంచి, 66 ఏళ్ళ వయసులో, ఆయన గెలిచారు. మొదటి లెక్కింపులో ఆధిక్యం 3 ఓట్లు. ప్రత్యర్థి మళ్ళీ లెక్కపెట్టమంటే అది 5 అయింది! నౌరోజీ అనే పేరు నోరు తిరగని లండన్‌వాళ్ళు ఆయన్ని సరదాగా నారో మెజారిటీ అన్నారు, అంటే బొటాబొటి ఆధిక్యం అని. సభలో ఆయన తమ పార్శీ ప్రార్థన గ్రంథం అవెస్తాను పట్టుకుని ప్రమాణం చేశారు.

అక్కడ ఆయన పట్టుదలగా పోరాడిన విషయం మీ ఇళ్ళకు బాగా దగ్గరిది. పెద్ద ఉద్యోగాలకు, అంటే ఐ.సి.ఎస్.కు, పోటీ పరీక్ష లండన్‌లోనే జరిగేది. భారతీయులు రాయకూడదని నిషేధం లేదు. కానీ ఓడ ఖర్చు పెట్టుకుని, సముద్రం దాటి, పరాయి దేశంలో ఉండి చదివి రాయాలి. 1870ల చివర వయసు పరిమితిని 19 ఏళ్ళకు తగ్గించారు. కడపలోనో నవ్‌సారీలోనో ఉన్న పేద కుర్రాడికి తలుపు తెరిచి ఉందని చెప్పి, ఆ తలుపును ఆరువేల మైళ్ళ అవతల పెట్టడమన్నమాట. రెండు దేశాల్లోనూ ఒకేసారి పరీక్ష పెట్టాలని 1893 జూన్‌లో కామన్స్ సభ తీర్మానం చేసింది. ప్రభుత్వం దాన్ని పక్కన పడేసింది. 1895లో దాదాభాయి ఎన్నికల్లో ఓడిపోయారు.

ఆయనకు ఇంగ్లీషువాళ్ళ న్యాయబుద్ధి మీద చాలాకాలం నమ్మకం ఉండేది. లెక్క సరిగ్గా చూపిస్తే సిగ్గుపడి దిద్దుకుంటారనుకున్నారు. 1901లో వేసిన పెద్ద పుస్తకం పేరులోనే ఈ పాలన బ్రిటిష్ లక్షణానికి తగదన్న అర్థం ఉంది. ఆ నమ్మకం కొంచెం ఎక్కువకాలమే ఉంచుకున్నారని మాకు అనిపిస్తుంది. కుర్రవాళ్ళు అప్పుడే విసుక్కున్నారు కూడా. అయినా 1906లో, 81 ఏళ్ళ వయసులో, కలకత్తా కాంగ్రెస్‌కు మూడోసారి అధ్యక్షులై, మనకు కావలసింది స్వరాజ్యమని ఆ వేదిక మీద చెప్పినది ఆయనే. మరుసటి డిసెంబరులో మన సూరత్‌లోనే, తాపీ ఒడ్డున జరిగిన సభలో, కుర్చీలూ చెప్పులూ విసురుకుని ఆ కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది. అప్పటికి ఆయన బొంబాయి దగ్గర వెర్సోవాలో విశ్రాంతిగా ఉంటున్నారు. 1917 జూన్ 30న, 91 ఏళ్ళు నిండిన మనిషిగా, కన్నుమూశారు.

లండన్‌లో ఆయన గెలిచిన ప్రాంతంలో నౌరోజీ వీధి అని ఒక చిన్న వీధి ఉంది. ముంబైలో ఛత్రపతి శివాజీ స్టేషన్ బయట ఉన్న పెద్ద రోడ్డు ఆయన పేరుదే. సెలవులకు రైలు మారడానికి అక్కడ దిగినప్పుడు చూడండి.

ఐ.సి.ఎస్. పరీక్షను భారతదేశంలో మొదటిసారి 1922లో పెట్టారు, అలహాబాద్‌లో. ఆయన పోయిన అయిదేళ్ళకు. మీ అమ్మగారో నాన్నగారో తమ ఉద్యోగ పరీక్ష ఏ ఊళ్ళో రాశారో, సెంటరుకు బస్సులో వెళ్ళారో రైల్లో వెళ్ళారో ఇంటికెళ్ళి అడిగి, సోమవారం తెలుగు పీరియడ్‌లో మాకు చెప్పండి.